కణం బయట తిరిగే ఆర్‌ఎన్‌ఏ: క్యాన్సర్ పంపిన కబురా, పారేసిన చెత్తా?

ఏ తొడుగూ లేని ఆర్‌ఎన్‌ఏని మనిషి ప్లాస్మాలో (రక్తంలో కణాలు తీసేశాక మిగిలే ద్రవం) కలిపితే ఎంతసేపు బతుకుతుంది? 2002లో హాంకాంగ్‌లో డెన్నిస్ లో అనే శాస్త్రవేత్త టీమ్ ఇదే చూసింది, 15 సెకన్లు తిరిగేసరికి కలిపినదాంట్లో 99 శాతం పైగా పీసీఆర్‌కి (జన్యు ముక్కల్ని కాపీలు తీసి పెంచి వెతికే పరీక్ష) దొరక్కుండా పోయింది. రక్తంలో, ఉమ్మిలో, చెమటలో, చర్మం మీద, ఎక్కడ చూసినా ఆర్‌ఎన్‌ఏని కొరికి పారేసే ఎంజైములు ఉంటాయి, ఆర్‌ఎన్ఏజ్‌లు అంటారు వాటిని, ఆర్‌ఎన్‌ఏతో పనిచేసే ల్యాబు వాళ్లు గంటకోసారి గ్లవ్స్ మార్చుకుంటూ చచ్చేది వీటి భయానికే. కానీ అదే పనిలో ఇంకో సంగతి కూడా తేలింది, ఆ ప్లాస్మాలో ముందు నుంచీ సొంతంగా ఉన్న ఆర్‌ఎన్‌ఏ మాత్రం బయట గదిలో గంటలు పెట్టినా పెద్దగా తగ్గలేదు. అదే ప్లాస్మా, అవే ఎంజైములు, ఒకదానికి 15 సెకన్లు, ఇంకోదానికి గంటలు. అంటే రక్తంలో తిరిగే ఆర్‌ఎన్‌ఏ ఒంటరిగా తిరగట్లేదు, ఏదో ఒకటి కప్పుకునో, ఎవరినో ఒకరిని పట్టుకునో తిరుగుతోంది. ఈ టాపిక్‌లో సగం గొడవ ఆ కప్పుకున్నది ఏంటి అనే దాని మీదే.

రక్తంలో కణాల బయట కూడా డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ ఉంటాయని మొదట చెప్పింది 1948లో, ఫ్రాన్స్‌లో మాండెల్, మెతె అనే ఇద్దరు. డీఎన్‌ఏ ఆకారం ఇలా ఉంటుందని తేలడానికే ఇంకా ఐదేళ్లు పట్టే రోజులవి, కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు, దాంతో ఏం చెయ్యాలో ఎవరికీ తట్టలేదు కూడా. క్యాన్సర్‌తో దీన్ని గట్టిగా ముడిపెట్టింది 1999లో, ముక్కు వెనకాల గొంతు పైభాగంలో వచ్చే క్యాన్సర్ పేషెంట్ల ప్లాస్మాలో దానికి కారణమైన వైరస్ తాలూకు ఆర్‌ఎన్‌ఏ దొరికింది, అదే ఏడాది ఇంకో టీమ్‌కి మెలనోమా అనే చర్మ క్యాన్సర్ పేషెంట్ల సీరమ్‌లో (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) టైరోసినేజ్ అనే జీన్ ఆర్‌ఎన్‌ఏ దొరికింది. టైరోసినేజ్ అంటే చర్మానికి రంగునిచ్చే కణాల్లో పనిచేసే జీన్, దాని ఆర్‌ఎన్‌ఏకి రక్తంలో ఏం పని? ఆ ప్రశ్నలోనే అసలు కిటుకు ఉంది, తర్వాత మళ్లీ వస్తాను దీనికి.

ముందు ఆర్‌ఎన్‌ఏ గురించి రెండు ముక్కలు. స్కూల్లో చదువుకున్నది మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ, డీఎన్‌ఏలో ఉన్న జీన్‌కి కాపీ, దాన్ని చదివి కణం ప్రొటీన్ తయారుచేస్తుంది. అది కాక మైక్రో ఆర్‌ఎన్‌ఏలు అని చిన్న తునకలు ఉంటాయి, సుమారు 22 అక్షరాల పొడవు, అవి ప్రొటీన్ తయారు చెయ్యవు, మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏకి అతుక్కుని దాని నోరు నొక్కేస్తాయి. 1993లో ఒక మిల్లీమీటర్ పొడవుండే పురుగులో మొదటిది కనిపించింది, దానికి ఆంబ్రోస్, రవ్‌కున్‌లకి 2024లో నోబెల్ ఇచ్చారు. ఇవి కాక ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏ విరిగిన ముక్కలు, వై ఆర్‌ఎన్‌ఏలు, కొసలు లేకుండా గుండ్రంగా చుట్టుకుని ఉండే సర్కులర్ ఆర్‌ఎన్‌ఏలు (కొసల దగ్గర నుంచి తినే ఎంజైములకి ఇవి చిక్కవు, అందుకే కాస్త ఎక్కువ కాలం నిలుస్తాయి) ఇలా చాలా ఉన్నాయి. రక్తంలో ఇవన్నీ కలగాపులగంగా ఉంటాయి, కానీ పరిశోధన ఎక్కువ జరిగింది మైక్రో ఆర్‌ఎన్‌ఏల మీదే, ఎందుకంటే చిన్నవి, గట్టివి, పీసీఆర్‌తో తేలిగ్గా కొలవొచ్చు.

ఇక ఆ తొడుగు సంగతి. అందరూ చెప్పేది ఎక్సోసోమ్‌ల గురించే, కణం తన లోపల తయారుచేసి బయటికి వదిలే అతి చిన్న బుడగలు, 30 నుంచి 150 నానోమీటర్ల సైజు, చుట్టూ కొవ్వు పొర ఉంటుంది కాబట్టి లోపలున్న ఆర్‌ఎన్‌ఏని ఎంజైములు ముట్టుకోలేవు. 1980ల్లో వీటిని మొదట చూసినప్పుడు ముదిరే ఎర్ర రక్తకణం తనకి ఇక అక్కర్లేని ప్రొటీన్లని బయటికి నెట్టే దారి అనుకున్నారు, అంటే చెత్తబుట్ట అనే అనుకున్నారు. కణం పై పొర నుంచే నేరుగా మొగ్గలా ఊడిపడే పెద్ద బుడగలు కూడా ఉంటాయి, ఇవి వెయ్యి నానోమీటర్ల దాకా పోతాయి. బుడగలు మాత్రమే కాదు, ఆర్గొనాట్ అనే ప్రొటీన్ మైక్రో ఆర్‌ఎన్‌ఏని గట్టిగా పట్టుకుని ఉంటే బుడగ లేకపోయినా ఎంజైములు ఏం చెయ్యలేవు, 2011లో ఈ సంగతి బయటపడినప్పుడు చాలామంది ఇబ్బంది పడ్డారు, ఎందుకంటే సియాటిల్‌లో మునీష్ తివారి ల్యాబు లెక్క ప్రకారం ప్లాస్మాలో ఉన్న మైక్రో ఆర్‌ఎన్‌ఏల్లో బహుశా 90 శాతం బుడగల్లో లేనేలేదు, ఇలా ప్రొటీన్లని పట్టుకునే తిరుగుతోంది. అదే ఏడాది మనం మంచి కొలెస్ట్రాల్ అనుకునే హెచ్‌డీఎల్ కూడా కొన్నిటిని మోస్తోందని ఇంకో టీమ్ చూపించింది. అయినా ఇప్పటికీ వార్తల్లో రక్తంలో ఆర్‌ఎన్‌ఏ అంటే ఎక్సోసోమ్ అనే రాస్తారు, బుడగ బొమ్మ వెయ్యడానికి బాగుంటుంది కదా.

కబురు కథ మొదలైంది 2007లో. స్వీడన్‌లో యాన్ లోట్‌వాల్ ల్యాబు వాళ్లు ఎలుక మాస్ట్ కణాలు (ఎలర్జీలో పనిచేసే రోగనిరోధక కణాలు) వదిలిన ఎక్సోసోమ్‌లు తీసుకుని మనిషి మాస్ట్ కణాల మీద వేశారు, తర్వాత చూస్తే మనిషి కణాల్లో ఎలుక ప్రొటీన్లు కనిపించాయి. అంటే బుడగలో వెళ్లిన మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏని అవతలి కణం చదివేసిందన్నమాట. చెత్తబుట్ట అనుకున్నది ఒక్కసారిగా తపాలా సంచి అయిపోయింది. మరుసటి ఏడాది బోస్టన్‌లో స్కోగ్, బ్రేక్‌ఫీల్డ్ వాళ్లు గ్లియోబ్లాస్టోమా మీద అదే చూశారు, ఇది మెదడులో వచ్చే చాలా మొండి క్యాన్సర్, దాని కణాలు వదిలే బుడగల్ని రక్తనాళాల గోడ కణాలు మింగుతున్నాయి, మింగాక కొత్త నాళాలు కట్టే పని ఊపందుకుంటోంది. పైగా 25 మంది పేషెంట్ల సీరమ్ బుడగల్లో వెతికితే 7గురిలో ఆ ట్యూమర్‌కే ప్రత్యేకమైన ఒక మార్పు చెందిన ఈజీఎఫ్ఆర్ (కణాన్ని పెరగమని చెప్పే జీన్) ఆర్‌ఎన్‌ఏ దొరికింది, ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఎవరికీ దొరకలేదు. ఒకే పేపర్లో కబురూ ఉంది, టెస్టూ ఉంది. ఈ రెండిటినీ జనం కలిపేసి మాట్లాడటం అక్కడి నుంచే మొదలైందని నాకనిపిస్తుంది, ఆ కలపడం వల్ల వచ్చిన తికమక ఇంకా పోలేదు.

కబురు వైపు మంచి ఉదాహరణలు ఉన్నాయి, లేవని కాదు. 2014లో వచ్చినది తీసుకోండి, ఎగబాకే స్వభావం ఉన్న రొమ్ము క్యాన్సర్ కణాలు మిర్-105 అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏని బుడగల్లో బయటికి వదులుతాయి, అది రక్తనాళం గోడలో కణాల మధ్య అతుకుల్ని పట్టి ఉంచే జెడ్ఓ-1 అనే ప్రొటీన్ తయారీని ఆపేస్తుంది, అతుకు వదులైతే గోడ కారుతుంది, కారితే క్యాన్సర్ కణం దూరి వెళ్లిపోతుంది. 2015లో వచ్చింది ఇంకా విచిత్రం, అక్కడ కబురు పంపింది ట్యూమర్ కాదు. శరీరంలో వేరేచోట పుట్టి మెదడుకి చేరిన క్యాన్సర్ కణాల్లో పీటెన్ అనే కాపలా జీన్ మూగబోతోంది, ఎందుకా అని చూస్తే మెదడులో మామూలుగా ఉండే ఆస్ట్రోసైట్ కణాలే బుడగల్లో మైక్రో ఆర్‌ఎన్‌ఏ పంపి దాని నోరు నొక్కుతున్నాయి, ఆ క్యాన్సర్ కణాల్ని మెదడు నుంచి తీసి బయట పెంచితే పీటెన్ మళ్లీ తిరిగొచ్చింది. జీన్‌లో మ్యుటేషన్ ఏమీ లేదు, చుట్టుపక్కల వాళ్ల ప్రభావం అంతే. డీఎన్‌ఏ మాత్రమే చదివితే ఇది ఎప్పటికీ కనపడదు.

నన్నడిగితే వీటన్నిటికంటే నమ్మదగ్గ దారి ఇంకోటి ఉంది, దాని గురించి తక్కువ మాట్లాడతారు. మన కణాలకి వైరస్ ఆర్‌ఎన్‌ఏని పసిగట్టే సెన్సర్లు ఉంటాయి, టీఎల్ఆర్3, టీఎల్ఆర్7, టీఎల్ఆర్8, రిగ్-ఐ, ఇలా. ఆర్‌ఎన్‌ఏ ఉండకూడని చోట, ఉండకూడని రూపంలో కనిపిస్తే ఇవి అలారం మోగిస్తాయి. క్యాన్సర్ ఈ అలారంని తన పనికి వాడుకుంటోంది. ఆర్‌ఎన్7ఎస్ఎల్1 అని మన ప్రతి కణంలో దండిగా ఉండే ఆర్‌ఎన్‌ఏ ఒకటుంది, మామూలుగా దాని మీద ఎస్ఆర్‌పీ9, ఎస్ఆర్‌పీ14 అనే ప్రొటీన్లు కప్పుకుని ఉంటాయి కాబట్టి సెన్సర్ల కంట పడదు. 2017లో తేలిందేంటంటే, రొమ్ము క్యాన్సర్ కణాలు పక్కనున్న ఫైబ్రోబ్లాస్ట్‌లని (కణాల మధ్య అల్లిక కట్టే మామూలు కణాలు) రెచ్చగొడితే అవి ఈ ఆర్‌ఎన్‌ఏని కప్పు లేకుండా బుడగల్లో పెట్టి వదులుతాయి, క్యాన్సర్ కణంలోకి అది చేరగానే రిగ్-ఐ దాన్ని వైరస్ అనుకుంటుంది, ఆ అలారం సిగ్నల్‌తో ట్యూమర్ తగ్గాల్సింది పోయి ఇంకా పెరుగుతుంది, ట్రీట్‌మెంట్‌కి మొండికేస్తుంది. 2016లో ఊపిరితిత్తుల మీద ఇలాంటిదే వచ్చింది, ట్యూమర్ వదిలిన బుడగల్లోని ఆర్‌ఎన్‌ఏ ఊపిరితిత్తి గోడ కణాల్లో టీఎల్ఆర్3ని లేపుతుంది, అవి న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలని పిలుస్తాయి, క్యాన్సర్ కణం అక్కడికి రాకముందే దానికి చోటు సిద్ధమైపోతుంది. ఇదంతా ఎలకల్లోనూ, ల్యాబు కణాల్లోనూ ఎక్కువగా చూసిందే, అది గుర్తుంచుకోవాలి.

ఈ దారి ఎందుకు నమ్మదగ్గదంటే, డోసు సమస్య. మైక్రో ఆర్‌ఎన్‌ఏ ఒక జీన్‌ని అణచాలంటే కణంలో దాని కాపీలు కొన్నో కాదు, వందలు వేలు ఉండాలి. 2014లో ఆ తివారి ల్యాబు వాళ్లే ఎక్సోసోమ్‌లని లెక్కపెట్టారు, వాటిలో మైక్రో ఆర్‌ఎన్‌ఏ కాపీలనీ లెక్కపెట్టారు, ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తే వచ్చిన జవాబు చూసి ఫీల్డ్ మొత్తం తల గోక్కుంది, బాగా ఎక్కువగా ఉండే మైక్రో ఆర్‌ఎన్‌ఏ అయినా సరే సగటున 100కి పైగా ఎక్సోసోమ్‌లు వెతికితే ఒక్క కాపీ దొరుకుతుంది. దానికి తోడు కణం మింగిన బుడగల్లో చాలావరకు లోపలి సంచుల్లో జీర్ణమైపోతాయి, వాటిలో ఉన్నది కణం అసలు గదిలోకి రావడం తక్కువ. మరి ఎన్ని బుడగలు మింగితే ఒక జీన్ మూగబోవాలి? అలారం సెన్సర్ల దగ్గర ఈ ఇబ్బంది తక్కువ, ఎందుకంటే ఈ టీఎల్ఆర్‌లు ఉండేదే ఆ మింగిన సంచుల గోడల మీద, పైగా అలారం కొంచెంతో మోగినా లోపల అదే పెద్దదవుతుంది. బుడగలన్నీ ఒకేలా ఉండవని, కొన్నిటిలో మాత్రం దట్టంగా నింపి ఉండొచ్చని, ట్యూమర్ పక్కనే ఉన్న కణానికి అందే మోతాదు రక్తంలో కొలిచిన సగటు కంటే చాలా ఎక్కువ ఉండొచ్చని అవతలి పక్షం వాదన, అది కొట్టిపారేసేది కాదు. ఏ ఆర్‌ఎన్‌ఏ బుడగలోకి ఎక్కాలో ఎంచే ప్రొటీన్లు ఉన్నాయని కూడా చూపించారు, వైబీఎక్స్1 లాంటివి, కాబట్టి అంతా యాదృచ్ఛికం అనడానికి లేదు.

ఇంకో తలనొప్పి ల్యాబుల్లోనే ఉంది. కణాల్ని పెంచే ద్రవంలో పశువుల సీరమ్ కలుపుతారు, దానిలోనే బోలెడు బుడగలు, ఆర్‌ఎన్‌ఏ ఉంటాయి, మైక్రో ఆర్‌ఎన్‌ఏలు చాలావరకు మనిషివీ ఆవువీ అక్షరం తేడా లేకుండా ఒకటే, ఇక క్యాన్సర్ కణం వదిలిందేది సీరమ్‌లోంచి వచ్చిందేది? బుడగల్ని వేరుచేసే పద్ధతుల్లో కొన్ని చవకరకంవి ప్రొటీన్ ముద్దల్నీ హెచ్‌డీఎల్‌నీ కూడా లాక్కొస్తాయి, మరి వచ్చిన ప్రభావం దేనిది? ఈ గందరగోళం భరించలేకే ఆ బుడగల మీద పనిచేసేవాళ్ల అంతర్జాతీయ సొసైటీ 2014లో కనీస నియమాలు రాసింది, 2018లో ఒకసారి, 2023లో ఇంకోసారి వాటిని తిరగరాసింది. పాత పేపర్లు చదివేటప్పుడు బుడగల్ని ఎలా వేరుచేశారో మొదట చూడండి, సగం పేపర్ల మీద మోజు అక్కడే తగ్గిపోతుంది.

ఇప్పుడు అసలు నేను చెప్పదలుచుకున్న మాట. ఒక ఇంట్లోంచి బయటికొచ్చే కాగితాలు రెండు రకాలు, పోస్ట్ చేసిన ఉత్తరం, చెత్తలో పడేసిన చిత్తుకాగితం, లోపల ఏం జరుగుతోందో తెలుసుకోవాలనుకునే డిటెక్టివ్‌కి రెండూ పనికొస్తాయి, చిత్తుకాగితమే ఇంకా ఎక్కువ పనికొస్తుందేమో. క్యాన్సర్ ఆర్‌ఎన్‌ఏ ద్వారా కబుర్లు పంపుతుందా లేదా అన్నది జీవశాస్త్రం ప్రశ్న, దానికి పూర్తి జవాబు రావాలి. కానీ రక్తంలోనో మూత్రంలోనో దొరికిన ఆర్‌ఎన్‌ఏతో క్యాన్సర్‌ని పట్టుకోవచ్చా అన్నదానికి ఆ జవాబు అక్కర్లేదు, కణం కావాలని పంపినా, చచ్చిపోతూ ఒలకబోసినా టెస్టుకి ఒకటే. అక్కడ అడగాల్సింది వేరే, ఈ ఆర్‌ఎన్‌ఏ ఆ ట్యూమర్ నుంచి తప్ప ఇంకెక్కడి నుంచైనా రాగలదా?

2008లో టెస్టుల ఆశ మొదలుపెట్టింది కూడా తివారి ల్యాబే (ఆశ పెట్టిందీ, తర్వాత నీళ్లు చల్లిందీ ఒకళ్లే కావడం ఈ ఫీల్డ్‌లో నాకు బాగా నచ్చిన విషయం, సైన్స్ అంటే అలాగే ఉండాలి). మనిషి ప్రోస్టేట్ ట్యూమర్ని ఎలుకలో పెంచి, ఎలుక రక్తంలో మనిషి మైక్రో ఆర్‌ఎన్‌ఏలు వచ్చాయని చూపించారు, తర్వాత ప్రోస్టేట్ క్యాన్సర్ ఒళ్లంతా పాకిన 25 మందినీ, ఆరోగ్యంగా ఉన్న 25 మందినీ పోల్చితే మిర్-141 ఒక్కదానితోనే 60 శాతం పేషెంట్లని, ఒక్క తప్పుడు పాజిటివ్ లేకుండా గుర్తుపట్టారు. ఆ తర్వాత వరద మొదలైంది, ప్రతి క్యాన్సర్‌కీ ఒక మైక్రో ఆర్‌ఎన్‌ఏ టెస్టు. మిర్-21 అయితే రొమ్ము, పేగు, ఊపిరితిత్తి, పాంక్రియాస్, దాదాపు అన్నిటిలో పెరుగుతుందన్నారు, అన్నిటిలో పెరిగేది ఏదో ఒకదాన్ని ఎలా చెప్తుంది, పైగా అది వాపుల్లోనూ గుండె జబ్బుల్లోనూ కూడా పెరుగుతుంది.

2012లో మళ్లీ అదే ల్యాబు ఇంకో లెక్క తీసింది. అప్పటిదాకా గడ్డలా పెరిగే ట్యూమర్లకి రక్తంలో దొరికే గుర్తులని (మార్కర్లని) పేపర్లలో వచ్చిన 79 మైక్రో ఆర్‌ఎన్‌ఏలని తీసుకుంటే వాటిలో 46 అసలు రక్తకణాల్లోనే దండిగా ఉండేవి. అంటే అవి పెరిగితే ట్యూమర్ వదిలినట్టు కాదు, పేషెంట్ తెల్లకణాలు పెరిగినా చాలు, రక్తం తీసేటప్పుడు ఎర్రకణాలు పగిలినా చాలు. ఎర్రకణాలు పగిలితే కొన్ని మైక్రో ఆర్‌ఎన్‌ఏల స్థాయి దాదాపు 50 రెట్లు దాకా మారిపోతుందని కూడా వాళ్లే చూపించారు. ప్లేట్‌లెట్లు ఇంకో గోల, ట్యూబులో పడ్డాక కూడా ఉలిక్కిపడి బుడగలు వదులుతూనే ఉంటాయి, ఎంత త్వరగా సెంట్రిఫ్యూజ్‌లో తిప్పారు, ఎన్నిసార్లు తిప్పారు అన్నదాన్నిబట్టి రిజల్ట్ మారుతుంది. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ అనే మందు పూసిన ట్యూబులో తీస్తే అది పీసీఆర్‌నే అడ్డుకుంటుంది. పేషెంట్ల రక్తం ఒక ఆస్పత్రిలో ఒక పద్ధతిలో, ఆరోగ్యవంతుల రక్తం ఇంకోచోట ఇంకో పద్ధతిలో తీస్తే మిషన్ లెర్నింగ్ మోడల్ ఎంచక్కా 98 శాతం వేరుచేసి చూపిస్తుంది, అది వేరుచేసింది క్యాన్సర్‌ని కాదు, రెండు ఫ్రిజ్‌లని.

మరి నిలబడినవి ఏంటి? పైన టైరోసినేజ్ గురించి అడిగిన ప్రశ్న ఇక్కడ పనికొస్తుంది. నిలబడినవన్నీ ఒక్కచోటే పుట్టే ఆర్‌ఎన్‌ఏలు, లేదా ట్యూమర్ పక్క నుంచే పోయే ద్రవంలో వెతికినవి. పీసీఏ3 అనేది ప్రోస్టేట్‌లో తప్ప దాదాపు ఇంకెక్కడా పనిచెయ్యని ఒక ఆర్‌ఎన్‌ఏ, ప్రొటీన్ కూడా తయారు చెయ్యదు, క్యాన్సర్ వస్తే బాగా పెరుగుతుంది. మూత్రం ప్రోస్టేట్ మధ్యలోంచే వస్తుంది కాబట్టి అక్కడ వెతికితే చాలు, 2012లో అమెరికాలో మందులకీ టెస్టులకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ దీనికి అనుమతిచ్చింది, అది కూడా ఒక చిన్న ప్రశ్నకే, ముందు బయాప్సీ (సూదితో ముక్క తీసి చూసే పరీక్ష) నెగటివ్ వచ్చినవాళ్లకి మళ్లీ బయాప్సీ చెయ్యాలా వద్దా. దానికి డాక్టరు ముందు వేలితో ప్రోస్టేట్‌ని నొక్కి పరీక్షించి తర్వాత మూత్రం పట్టాలి. ఎక్సోడీఎక్స్ అనే టెస్టుకి ఆ బాధ లేదు, మూత్రంలో బుడగల్లోని పీసీఏ3, ఈఆర్‌జీ ఆర్‌ఎన్‌ఏలని ఎస్‌పీడీఈఎఫ్ అనే ఇంకో ఆర్‌ఎన్‌ఏతో పోల్చి స్కోరు ఇస్తుంది, 50 ఏళ్లు దాటి పీఎస్ఏ (ప్రోస్టేట్ కోసం రక్తంలో కొలిచే ప్రొటీన్) 2 నుంచి 10 మధ్యలో ఊగుతున్నవాళ్ల కోసం. ఆ పీఎస్ఏ రేంజ్‌లో అనవసరపు బయాప్సీలు చాలా జరుగుతాయి, బయాప్సీ అంటే సూది పోట్లు, ఇన్ఫెక్షన్ రిస్కు, కాబట్టి వాటిలో కొన్ని తప్పినా మేలే. ఈ టెస్టులు క్యాన్సర్ ఉందని తేల్చి చెప్పవు, బయాప్సీ వాయిదా వెయ్యొచ్చా అన్నది చెప్తాయి. ప్రశ్న ఎంత ఇరుకుగా ఉంటే ఆర్‌ఎన్‌ఏ టెస్టు అంత బాగా పనిచేస్తుంది.

పేగు క్యాన్సర్‌కి మలంలో. 2024 మేలో ఎఫ్‌డీఏ కోలోసెన్స్ అనే టెస్టుకి అనుమతిచ్చింది, మలంలో రాలిపడిన పేగు కణాల తాలూకు 8 ఆర్‌ఎన్‌ఏలు చూసి, దానికి మలంలో రక్తం కోసం చేసే మామూలు ఫిట్ టెస్టు కలిపి రిజల్ట్ ఇస్తుంది, 45 ఏళ్లు దాటిన, ప్రత్యేకమైన రిస్కు లేనివాళ్ల కోసం. పెద్ద ట్రయల్‌లో క్యాన్సర్లని దాదాపు 94 శాతం పట్టుకుంది, ముదరబోయే పెద్ద పాలిప్‌లని మాత్రం సగం కంటే తక్కువే.

రక్తంలో నిలబడిన వాటిలో నా లెక్కలో మిర్-371ఏ-3పీ ముందుంటుంది. పేరు చూసి కంగారు పడకండి, ఇది పిండం తొలి దశల్లో పనిచేసే మైక్రో ఆర్‌ఎన్‌ఏ, పెద్దవాళ్లలో మామూలుగా ఉండదు, వృషణాల్లో వచ్చే జెర్మ్ సెల్ ట్యూమర్లలో (వీర్యకణాలకి మూలమైన కణాల్లో పుట్టేవి) మళ్లీ లేస్తుంది. 2019లో 600 మందికి పైగా పేషెంట్లతో జర్మన్ డాక్టర్ల నాయకత్వంలో వచ్చిన స్టడీలో 90 శాతం దాకా పట్టుకుంది, తప్పుడు పాజిటివ్‌లు 6 శాతం, ఇప్పుడు వాడుతున్న ఏఎఫ్‌పీ, హెచ్‌సీజీ లాంటి పాత మార్కర్ల కంటే చాలా మెరుగు. ట్యూమర్ తీసేశాక ఒకట్రెండు రోజుల్లోనే పడిపోతుంది, మళ్లీ పెరిగితే తిరగబెట్టిందని అనుమానం. ఈ జబ్బు ఎక్కువగా కుర్రవాళ్లకి వస్తుంది, ఏళ్లతరబడి సీటీ స్కాన్లు తీయించుకుంటూ ఉండాలి, రక్తపరీక్షతో ఆ స్కాన్లు కొన్ని తగ్గినా పెద్ద లాభమే. ఒక చిక్కుంది, ఆ ట్యూమర్లలోనే టెరటోమా అనే రకం దీన్ని వదలదు, కాబట్టి ఇది నెగటివ్ వచ్చినంత మాత్రాన ఏమీ లేదని చెప్పలేం.

ఏ లక్షణమూ లేని జనం అందరికీ ఒకే రక్తపరీక్ష, అన్ని క్యాన్సర్లూ పట్టేస్తుంది అనే మాట దగ్గరికొస్తే లెక్క ఎదురుతిరుగుతుంది. ఊరికే ఒక ఉదాహరణకి, 10,000 మందిలో 50 మందికి క్యాన్సర్ ఉందనుకుందాం, టెస్టు ఉన్నవాళ్లలో 90 శాతం పట్టుకుంటుంది, లేనివాళ్లలో 95 శాతం మందికి సరిగ్గా లేదనే చెప్తుంది, వినడానికి అద్భుతంగా ఉంది. 50 మందిలో 45 మంది దొరికారు, మిగతా 9,950 మందిలో 5 శాతం అంటే సుమారు 498 మందికి తప్పుగా పాజిటివ్ వచ్చింది. మొత్తం 543 పాజిటివ్‌లలో నిజమైనవి 45, అంటే పన్నెండు మందికి కంగారు పుడితే ఒకరికి జబ్బు. మిగతా పదకొండు మంది స్కాన్లు, బయాప్సీలు, నిద్ర లేని రాత్రులు. అందుకే జనం మొత్తానికి చేసే టెస్టు జబ్బు లేనివాళ్లలో 99 శాతం పైన మందికి సరిగ్గా లేదని చెప్తే తప్ప మాట్లాడరు, ఈ రకం లెక్క హెడ్‌లైన్లలో ఎప్పుడూ కనపడదు. ప్లేట్‌లెట్ల కథ చూడండి, ప్లేట్‌లెట్లు ట్యూమర్ దగ్గర తిరిగి వాటి ఆర్‌ఎన్‌ఏ మారిపోతుందని 2015లో ఆమ్‌స్టర్‌డామ్ టీమ్ చూపించింది, 283 శాంపిల్స్‌లో 96 శాతం కచ్చితత్వం అన్నారు, 2022లో అదే టీమ్ 2,000 దాటిన శాంపిల్స్‌తో చేస్తే క్యాన్సర్ ఉన్నవాళ్లలో మూడింట రెండు వంతుల మంది దొరికారు, ఏ లక్షణాలూ లేని మనుషుల దగ్గర తప్పులు 1 శాతమే కానీ వేరే జబ్బులతో లక్షణాలున్నవాళ్ల దగ్గర అది 22 శాతానికి ఎగిరింది. టెస్టు చెయ్యమని డాక్టరు రాసేది ఎక్కువగా ఆ రెండో రకం మనుషులకే.

ఇవన్నీ విన్నాక మరి డీఎన్‌ఏ టెస్టులే బాగున్నాయి కదా, ఆర్‌ఎన్‌ఏ ఎందుకు అనిపించొచ్చు. డీఎన్‌ఏ గట్టిది, రక్తంలో ట్యూమర్ డీఎన్‌ఏ మ్యుటేషన్ దొరికితే అది పెద్ద సాక్ష్యం, నిజమే. కానీ ఒక జీన్‌కి కణంలో మామూలుగా డీఎన్‌ఏ కాపీలు రెండే, అదే జీన్ జోరుగా పనిచేస్తుంటే ఆర్‌ఎన్‌ఏ కాపీలు వందల్లో వేలల్లో ఉంటాయి. పైగా ఆర్‌ఎన్‌ఏ చూస్తే ఏ అవయవం నుంచి వచ్చిందో కూడా చాలావరకు తెలుస్తుంది, కాలేయపు జీన్లు కాలేయంలోనే కదా పనిచేసేది. అందుకే కొత్త తరం వాళ్లు పద్ధతి తిప్పేశారు, రక్తంలో ఏది ఎక్కువుందా అని కాకుండా, ఆరోగ్యవంతుల ప్లాస్మాలో అసలే కనపడని జీన్లు ఏంటో ముందు లిస్టు రాసుకుని, ఆ చీకటిలో ఏదైనా వెలిగిందా అని చూస్తున్నారు. 2021లో గ్రెయిల్ కంపెనీ వాళ్లు రొమ్ము, ఊపిరితిత్తుల క్యాన్సర్లలో ఈ దారిలో వెళ్లారు, 2025లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు రేర్-సెక్ అని, రక్తకణాల్లో అరుదుగా ఉండే జీన్ల ఆర్‌ఎన్‌ఏని ప్రత్యేకంగా గాలం వేసి పట్టి, అవే సీక్వెన్స్ చేసే (అక్షరం అక్షరం చదివే) పద్ధతి బయటపెట్టారు. 79లో 46 దెబ్బ తిన్నాక వచ్చిన బుద్ధి ఇది. తొలి దశ ట్యూమర్లు ఇప్పటికీ తక్కువగానే దొరుకుతున్నాయి, ముదిరినవి బాగా దొరుకుతున్నాయి, చిన్న ట్యూమర్ వదిలేదే తక్కువ కాబట్టి ఏ రక్తపరీక్షకైనా ఉండే గోడే అది.

ఆర్‌ఎన్‌ఏకి పోటీ లేని చోటు నాకు కనపడేది స్క్రీనింగ్ కాదు, ట్రీట్‌మెంట్ మధ్యలో. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఈజీఎఫ్ఆర్‌ని అడ్డుకునే మాత్రలు వేసుకుంటున్న పేషెంట్‌కి కొన్నాళ్లకి మందు పనిచెయ్యడం మానేస్తుంది, కొందరిలో అది కొత్త మ్యుటేషన్ వల్ల, దాన్ని డీఎన్‌ఏ టెస్టు పట్టుకుంటుంది. ఇంకొందరిలో ట్యూమర్ తన జాతే మార్చుకుని స్మాల్ సెల్ అనే వేరే రకం ఊపిరితిత్తుల క్యాన్సర్‌గా అయిపోతుంది, పాత మ్యుటేషన్ అలాగే ఉంటుంది, మారింది ఏ జీన్లు పనిచేస్తున్నాయన్నదే, ఇప్పటిదాకా అది తెలుసుకోవడానికి మళ్లీ ఊపిరితిత్తిలోకి సూది దించడమే దారి. రెండు రకాలకీ మందులు పూర్తిగా వేరు. పనిచేసే జీన్ల జాబితా మారితే రక్తంలో ఆర్‌ఎన్‌ఏ మారుతుంది, ఇలాంటి మార్పుల్ని ప్లాస్మాలోనే చదవడానికి ఇప్పుడు ప్రయత్నాలు జరుగుతున్నాయి, ఊపిరి సరిగ్గా ఆడని మనిషికి రెండో బయాప్సీ చెయ్యాలా అని డాక్టరు ఆలోచించే ఆ వారంలో ఒక ట్యూబు రక్తం జవాబు ఇవ్వగలిగితే చాలు, అది ట్యూమర్ పంపిన కబురా ఒలకబోసిన చెత్తా అని అక్కడ ఎవరూ అడగరు.